పండుగప్ప పందెం

గంగాధరరావు నన్ను మోసం చేయలేదు. ఆ మనిషి మీద నాకున్న ఫిర్యాదు అదే. మోసం చేసి ఉంటే కేసు పెట్టేవాణ్ణి. కేసుకి డబ్బుల్లేకపోతే బందరు కోనేరు సెంటర్లో నిలబడి దారినపోయే వాళ్ళందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆయన నాకు ఆ అవకాశం కూడా మిగల్చలేదు. అంతా మైకులో చెప్పాడు. నలుగురి ముందు చెప్పాడు. టిఫిను పెట్టించాడు, మజ్జిగ ఇప్పించాడు, కూర్చోడానికి కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలోంచి లేచి నా భూమిని నేనే ఆయనకి అప్పగించాను. ఇంత మర్యాదస్తుణ్ణి ఏమని తిట్టాలో ఏడో తరగతిలో బడి మానేసిన నాకు తెలియడం లేదు. చదువుకున్న వాళ్ళెవరైనా చెబితే నేర్చుకుంటాను.

నా పేరు అబ్దుల్ జబ్బార్. బందరు ఇనకుదురుపేటలో స్కూటర్లకీ మోటారు సైకిళ్ళకీ సీటు కవర్లు కుడతాను. మా అబ్బా ఎడ్లకి నాడాలు కొట్టేవాడు. గూడూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఒకప్పుడు ఎడ్లబళ్ళు వెళ్ళే దారి పక్కన, డ్రెయిను గట్టు వార, ఒక రైతు దగ్గర చిన్న ముక్క కొన్నాడు. అది చౌడు నేల. ఉప్పుగడ్డీ సర్కారు తుమ్మా తప్ప ఏమీ మొలవదు. అమ్మిన రైతు డబ్బులు లెక్కపెట్టుకుని, సాయిబూ, ఇందులో ఏం పండిస్తావని నవ్వాడట. అక్కడ షెడ్డు వేసుకుని కూర్చుంటే ఎడ్లే తన దగ్గరికి వస్తాయని మా అబ్బా ఆలోచన. షెడ్డుకి నాలుగు గుంజలు పాతేసరికి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకి నాడాలు కొట్టే పని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఆ ముక్కకి ఒకే ఒక్క గొప్ప ఉంది. సరిగ్గా అక్కడే డ్రెయిను మెలిక తిరుగుతుంది. మెలికలో లోతైన మడుగు ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు అంతదాకా ఎగదన్నుతాయి. ఆ నీళ్ళతో పండుగప్ప వస్తుంది. పోటు తీసి నీళ్ళు వెనక్కి మళ్ళే వేళ మడుగులో నిలబడి, కొట్టుకొచ్చే చిన్న చేపల్ని పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలాగా కూర్చున్న చోటునుంచి లేవకుండా మింగుతుంది.

గంగాధరరావుని నేను మొదట చూసింది ఆ గట్టు మీదే. ఇద్దరం ఒక ఈడు వాళ్ళం. వాళ్ళ నాన్నకి పక్కనే ముప్పై ఎకరాల మాగాణి ఉండేది. సెలవులకి వచ్చినప్పుడు పాలేరు చేత ఎర్రల డబ్బా మోయించుకుని గాలం వేయడానికి వచ్చేవాడు. నేనూ వేసేవాణ్ణి. ఇద్దరివీ వెదురు బద్దలే, ఇద్దరివీ నెమలి ఈక బెండ్లే. తేడా ఒక్కటే. ఆయనకి చేప పడకపోతే పొద్దుపోలేదని బాధ. నాకు పడకపోతే ఆ రాత్రి మా ఇంట్లో కూర లేదు. ఆయనకి పడ్డవి కూడా నాకే ఇచ్చేసేవాడు. వాళ్ళింట్లో డ్రెయిను చేప వండరు, బజారునుంచి కొర్రమీను తెప్పించుకుంటారు. ఒరే జబ్బారూ, తీసుకెళ్ళు అని దొప్పలో వేసి ఇచ్చేవాడు. అప్పటికే మంచివాడు. ఆ జబ్బు చిన్నప్పట్నించీ ఉంది.

తరవాత ఎవరి దారిన వాళ్ళం పెద్దవాళ్ళమయ్యాం. ఆయన వరి తీసేసి చెరువులు తవ్వాడు. బంటుమిల్లి వైపు చేపలు, ఇటువైపు రొయ్యలు. రొయ్య పోతే చేప, చేప పోతే రొయ్య, రెండూ పోతే రియల్ ఎస్టేటు. ఇప్పుడు గుడివాడలో కల్యాణ మండపం, రెండు పెట్రోలు బంకుల్లో వాటాలు, ఎక్కాలంటే మెట్టు కావలసినంత ఎత్తు కారు.

నేను బాగుపడలేదని అంటే అబద్ధమే అవుతుంది. తాటాకు ఇల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. గ్యాసు ఉంది, ఫ్రిజ్ ఉంది, నీళ్ళ మోటారు ఉంది. మా అబ్బా జీవితమంతా రెండు లుంగీలతో గడిపాడు. మా అబ్బాయి ముజమ్మిల్‌కి జిమ్ముకి వేరే బూట్లు, బజారుకి వేరే బూట్లు. మా చిన్నప్పుడు గుప్పెడు జెల్లలు దొరికితే ఆరుగురం తిని, ముళ్ళు చీకి, వేళ్ళు నాకేవాళ్ళం. ఇప్పుడు నేను చేప తెస్తే ఫ్రిజ్‌లో చోటు లేదని మా ఆవిడ కరీమున్నీసా మొహం తిప్పుకుంటుంది. మా అమ్మాయి తరన్నుమ్‌కి ముల్లు తీసుకోవడం రాదు. బోన్‌లెస్ తేరాదా అబ్బా అంటుంది. ఎముక లేని చేపని గాలంతో ఎట్టా పట్టాలో నాకు తెలియదు. జీవన ప్రమాణాలు పెరిగాయని టీవీలో చెబుతూ ఉంటారు కదా, మా ఇంట్లో ఎంత పెరిగాయంటే నేను పట్టిన చేపని తినేవాడే లేడు.

అయినా ఆదివారం ఆదివారం గట్టుకి వెళ్ళడం మానలేదు. ఎందుకంటే ఈ భూమ్మీద నా పేరున ఉన్నది ఆ ముక్క ఒక్కటే. ఇల్లు కరీమున్నీసా పేరున ప్రభుత్వం ఇచ్చిన పట్టా. షాపు అద్దెది. బండి ముజమ్మిల్ పేరున వాయిదాల్లో ఉంది. ఆ గట్టు మీద కూర్చుంటే మాత్రం నా కింద ఉన్న మట్టి నాది. ఆ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు గానీ, కూర్చున్నంతసేపూ నాకు గుర్తుండేది.

గంగాధరరావుకి యాభై దాటాక బీపీ వచ్చింది. నీళ్ళ పక్కన ప్రశాంతంగా కూర్చోమని డాక్టరు చెప్పాడట. నీళ్ళ పక్కనే పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట చెప్పించుకోవడానికి విజయవాడ వెళ్ళి ఫీజు కట్టాల్సి వచ్చింది. వెంటనే మాగాణిలో మిగిలిన ముక్కకి ఇనప కంచె వేసి, పచ్చగడ్డి పరిచి, రెండు కొయ్య గదులు కట్టించి, యాంగ్లింగ్ క్లబ్బు అని బోర్డు పెట్టాడు. గుడివాడ మిల్లర్లు, అవనిగడ్డ నుంచి ఇద్దరు డాక్టర్లు, నాగాయలంక నుంచి ఒక రొయ్యల మేత డీలరు అందులో సభ్యులు. శనివారం వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్తారు.

వాళ్ళ దగ్గర గాలం అనకూడదు, యాంగ్లింగ్ అనాలి. ఎర అనకూడదు, లూర్ అనాలి. అది రబ్బరు చేప. నిజం చేప కంటే ఖరీదు. ఒక్కొక్కరి చేతిలో ఉన్న కర్ర నా షాపు నెల అద్దెకి రెండింతలు చేస్తుంది. అంత ఖర్చు పెట్టి చేపని పట్టి, తడి రెగ్జిన్ మీద పడుకోబెట్టి, టేపుతో కొలిచి, బుగ్గ దగ్గర పెట్టుకుని ఫోటో తీయించుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. వదిలేటప్పుడు దానికి టాటా చెబుతారు.

గిలకలదిండి పోతయ్యని ఒకసారి ఈ వేడుక చూడటానికి తీసుకొచ్చాను. పోతయ్య చిన్నప్పటి నుంచీ సముద్రం మీద బోట్లలో తిరిగి, మోకాళ్ళు అరిగాక ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నాడు. ఒక చేపకి టాటా చెప్పడం అయ్యేదాకా చూశాడు. తరవాత గంగాధరరావుని మర్యాదగా అడిగాడు.

"ఏవండీ, దాన్ని పట్టుకుని వదిలేసి, మీరు ఇంటికెళ్ళి కోడి తింటారా?"

ఇది స్పోర్టు అని గంగాధరరావు ఓపిగ్గా వివరించాడు. పోతయ్య తల ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఆళ్ళకి ఆకలి తీరిపోయినట్టుంది బావా, అదృష్టవంతులు అన్నాడు.

వాళ్ళ స్పోర్టుకి వచ్చిన చిక్కల్లా నేనే. కంచె లోపల ఎంత గట్టు ఉన్నా అక్కడ నీళ్ళు మోకాలి లోతు. పండుగప్ప ఉండేది నా మెలికలో. ఆ ముక్క తనకి ఇచ్చెయ్యమని గంగాధరరావు మూడు నాలుగు సార్లు అడిగాడు. న్యాయమైన రేటే చెప్పాడు. ఇచ్చాక కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కూర్చోమన్నాడు. నా మట్టి మీద నన్ను అతిథిగా పిలుస్తున్నాడన్న మాట. నేను ఇవ్వనన్నాను. ఆయనేమీ కోప్పడలేదు. బళ్ళు పోయాక పాత దారి పొలాల్లో కలిసిపోయింది, ఆయన కంచె వేయడం వల్ల నా ముక్కకి నడక దారి కూడా లేకుండా పోయింది. అది కూడా కావాలని చేసింది కాదు. ఆయన భూమికి ఆయన కంచె వేసుకున్నాడు, నా భూమి దాని వెనకాల ఉండిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా వాచ్‌మన్ లేచి, గేటు తీసి, రండి సాయిబు గారూ అనేవాడు. ఎవరి మీద అరవాలో తెలియక లోపలికి వెళ్ళేవాణ్ణి.

పందెం సంగతి మొన్న వానాకాలం చివర్లో వచ్చింది. క్లబ్బు వాళ్ళు పెద్ద పోటీ పెట్టుకుంటున్నారు. ఆ ఆదివారం నేను గట్టు మీద వెదురు బద్దతో కూర్చుంటే, మేత డీలరు వచ్చి నా గాలాన్ని ఫోటో తీసుకున్నాడు. మా తాతగారి ఫోటోలో ఇలాంటిది ఉందండీ అన్నాడు. అందరూ నవ్వారు. గంగాధరరావు కూడా నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అదంతా అప్పటి కాలం జబ్బారూ. ఇప్పుడు చేప కూడా తెలివి మీరింది. ఈ బద్దకి జెల్లలు పడతాయేమో గానీ, పండుగప్ప పడదు."

పడుతుందన్నాను. పడదన్నాడు. అప్పుడు నేను నోరు జారాను అనుకునేవాళ్ళు ఉన్నారు. జారలేదు. అన్నీ ఆలోచించే అన్నాను. గేటు దగ్గర సాయిబు గారూ అనిపించుకోవడం నాకు అప్పటికి బాగా విసుగెత్తిపోయింది.

"మీ పోటీలో నన్నూ చేర్చుకో. అందరికంటే పెద్ద చేప నాదైతే, నీ పొలంలోంచి నా ముక్కకి పదడుగుల దారి రిజిస్టర్ చేసియ్యి. కాకపోతే ఆ ముక్క నీదే. మా అబ్బా కొన్న రేటుకే తీసుకో. సెంటు వంద."

గంగాధరరావు వద్దన్నాడు. నిజంగానే వద్దన్నాడు. సరదాగా అన్నమాటకి పందేలేంటి జబ్బారూ అన్నాడు. భయమా అన్నాను. క్లబ్బు వాళ్ళ ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం కాస్త ఎర్రబడింది. సరే అన్నాడు.

మధ్యవర్తిగా గూడూరు సత్యవేదం మాస్టారు కుదిరారు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగరు. పరుగు పందెంలో సొంత మేనల్లుడు విజిల్‌కి ముందే కాలు కదిపాడని పక్కకి పంపించేసిన మనిషి. మాట ఖాయం చేసేముందు ఆయన నన్ను పక్కకి పిలిచి, ఇంటికెళ్ళి ఒక రాత్రి పడుకుని రమ్మన్నారు. అక్కర్లేదన్నాను. మా వైపు కోడి మీద కాసినా, చేప మీద కాసినా, నలుగురిలో అన్న పందెం అన్నట్టే. వెనక్కి తీసుకున్నవాడికి ఆ తరవాత టీ కొట్టు దగ్గర బల్ల మీద ఎవరూ చోటివ్వరు. చట్టం ఏం చెబుతుందో ప్లీడర్లకి తెలుసు. బల్ల మీద చోటు సంగతి మాకు తెలుసు.

కరీమున్నీసాకి చెప్పాను. ఆవిడ గిన్నెలు తోముతూ విన్నది. అరవలేదు. గెలిస్తే దారి వస్తుంది సరే, ఆ దారిన ఏం తెచ్చుకుంటావు అని అడిగింది. మగవాళ్ళ విషయం అన్నాను. అవునవును అని మళ్ళీ గిన్నెల్లో పడింది.

పోటీ రోజు పొద్దున్నే షామియానా వేశారు. గుడివాడ నుంచి వంటవాళ్ళు వచ్చారు. ఇడ్లీ, గారె, ఉప్మా, రెండు రకాల చట్నీ. నీళ్ళలో ఉన్న చేపలకి తప్ప అందరికీ టిఫిను అందింది. మాస్టారు తెల్ల బూట్లు వేసుకుని, మెళ్ళో విజిల్ తగిలించుకుని, నిబంధనలు మైకులో రెండుసార్లు చదివారు. చేపని తడి రెగ్జిన్ మీద కొలవాలి. కొలిచాక అది బతికి నీళ్ళలోకి వెళ్ళాలి. చచ్చిన చేప లెక్కలోకి రాదు. తరవాత పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చి మూడోసారి చెప్పారు. విన్నావా జబ్బార్ అన్నారు.

"విన్నాను మాస్టారూ. నాకు చదువు లేదు గానీ చెవుడు లేదు."

నా పక్కన నీళ్ళ టబ్బు కూడా పెట్టించారు. ఆ రెగ్జిన్ నా షాపులోంచి కొన్నదే. మంచి సరుకు.

వాళ్ళు పొద్దుట్నుంచీ విసరడం, చుట్టడం. విసిరినవాడు విసిరినట్టే ఉన్నాడు. నేను పోటు కోసం చూస్తూ కూర్చున్నాను. ఎరగా బతికున్న వెనామీ రొయ్యని వీపు దగ్గర గుచ్చాను. బద్ద చివర్న టంగీసు నైలాను దారానికి, స్కూటరు ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీ కట్టాను. చేప గుంజినప్పుడు దారం తెగకుండా ఆ రబ్బరు సాగుతుంది. వాళ్ళ కర్రలకి దారం చుట్టే చక్రాల్లో ఉన్న మర నా దగ్గర లేదు కాబట్టి, మిగతా దారం ఉండ చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

పదకొండు దాటాక గంగాధరరావుకి పడింది. బాగానే ఆడించాడు, ఒప్పుకోవాలి. డెబ్భై రెండు సెంటీమీటర్లు. చప్పట్లు కొట్టారు. ఆయన చేపని ఎత్తి, ఫోటో తీయించుకుని, మోకాలి లోతు నీళ్ళలో వంగి నెమ్మదిగా వదిలాడు. అది తోక కొట్టి వెళ్ళిపోయింది. పురిటి బిడ్డని ఉయ్యాల్లో పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు.

పోటు తీయడం మొదలైంది. మడుగు మీద నురుగు తిరిగింది. నా బెండు ఊగలేదు, ఆడలేదు. ఉన్నట్టుండి లేదు. బద్ద వంగి నీళ్ళని తాకింది. రబ్బరు సాగింది, సాగింది, ఇక తెగుతుందనగా ఆగింది. నేను బద్దని కాళ్ళ కింద తొక్కిపట్టి, దారం చేతికి తీసుకున్నాను. అప్పుడది లేచింది. మడుగు మధ్యలో నిలువునా, నోరు తెరిచి తల విదిలించింది. షామియానా కింద ఉన్నవాళ్ళు ప్లేట్లు వదిలేసి వచ్చారు. మేత డీలరు ఫోను పట్టుకుని నా వెనకాలే నిలబడ్డాడు. దారం వేళ్ళని కోస్తోంది. వదిలాను, లాగాను. వదిలాను, లాగాను. ఇంకొంచెం వదులు, ఇంకొంచెం అని వెనకనుంచి గంగాధరరావు గొంతు వినబడింది. ఓడిపోతున్న సంగతి మర్చిపోయి నాకు సాయం చెబుతున్నాడు. అదీ ఆయనకున్న అలవాటు.

చివరికి పక్కకి తిరిగింది. వెండి పలకలాగా ఒడ్డుకి వచ్చింది. బురద మీదికి లాగాను. కొలవక్కర్లేదు, అది గంగాధరరావు చేప కంటే జానెడు పైనే పెద్దదని అక్కడున్న గుడ్డివాడికైనా తెలుస్తుంది. టబ్బు నాకు రెండడుగుల దూరంలో ఉంది. మాస్టారు టేపు తీసుకుని వస్తున్నారు.

నా మోకాలు దాని వీపు మీద పడింది. ఎడమ చేతి వేళ్ళు మొప్పలో దూరాయి. కుడి చెయ్యి పక్కనున్న తుమ్మ కర్ర తీసుకుని దాని నడినెత్తి మీద రెండు దెబ్బలు కొట్టింది.

నేను కొట్టానని రాయాలి. కానీ నాకు తెలిసింది రెండో దెబ్బ తరవాతే. అప్పటికి అది ఒక్కసారి వణికి నిశ్శబ్దమైంది. వెనకాల జనం కూడా.

ఎందుకు కొట్టావని అందరూ అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. డ్రెయిను గట్టు బురద. ఒడ్డుకి తెచ్చిన చేప ఒక్కసారి ఎగిరితే మళ్ళీ నీళ్ళలో ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక కొర్రమీను అట్టాగే జారిపోయింది. ఇంటికెళ్ళి చెబితే ఎవరూ తిట్టలేదు. మా అమ్మీ పొయ్యి మీద ఎక్కించిన చింతపండు రసంలో ఇంకో చెంబు నీళ్ళు పోసింది, అంతే. ఆ తరవాత నా చేతిలోంచి ఏ చేపా జారలేదు. ఒడ్డుకొచ్చిన మరుక్షణం నెత్తి మీద పడాల్సిందే. నేనేమో మైకులో చెప్పిన నిబంధన విన్నాను, అర్థం చేసుకున్నాను, తల ఊపాను. నా చెయ్యి వినలేదు. నేను ఏడో తరగతి దాకా అయినా చదివాను, అది బడి గడప కూడా తొక్కలేదు.

మాస్టారు వచ్చి పడుకోబెట్టి కొలిచారు. తొంభై ఆరు. బతికిందో లేదో ఆయన చెప్పలేదు.

అప్పుడు గంగాధరరావు చేసిన పని నేను చచ్చినా క్షమించను. బూట్లతో, ఆ ఖరీదైన ప్యాంటుతో నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. చేపని నా చేతుల్లోంచి తీసుకున్నాడు. దాని నోరు ఎదురు నీటికి పెట్టి, ముందుకీ వెనక్కీ ఆడించాడు, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళాలని. కొన్నిసార్లు ఇట్టా చేస్తే తిరుగుతుంది జబ్బారూ, ఉండు, ఉండు అంటూనే ఉన్నాడు. అది తిరిగితే తన పొలంలో పదడుగులు పోతాయని ఆ మనిషికి తెలుసు. అయినా ఆడిస్తూనే ఉన్నాడు. డాక్టర్లిద్దరూ గట్టు మీద నిలబడి చూశారు. వాళ్ళ చేతిలోంచి కూడా కేసు దాటిపోయింది. చేప పొట్ట పైకి తేలింది.

మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండానే తీసేశారు.

"లెక్కలోకి రాదు" అన్నారు.

గంగాధరరావు నీళ్ళు కారుతున్న ప్యాంటుతో పైకి వచ్చాడు. నా మొహం చూశాడు. క్లబ్బు వాళ్ళందరి వైపూ తిరిగి గట్టిగానే చెప్పాడు.

"ఈ పందెం లేదు. మేం ఏదో సరదాగా అనుకున్నాం. పాపం, అతనికి అలవాటు లేదు కదా. వదిలేద్దాం."

మేత డీలరు అవునండీ, పాపం అన్నాడు. ఒక డాక్టరు కూడా అన్నాడు. వంటవాడు కూడా గరిటె పట్టుకుని నిలబడి తల ఊపాడు. మాస్టారు నా వైపు చూశారు. ఒప్పుకో అన్నట్టుగానే చూశారు.

ఒప్పుకుంటే అయిపోయేది. ముక్క నాకు ఉండేది. వచ్చే ఆదివారం గేటు దగ్గర వాచ్‌మన్ లేచి, రండి సాయిబు గారూ అనేవాడు. నేను లోపలికి వెళ్ళి గంగాధరరావు వదిలేసిన గట్టు మీద కూర్చునేవాణ్ణి. చిన్నప్పుడు దొప్పలో వేసి ఇచ్చిన చేపలు తీసుకున్నాను. అప్పుడు ఇంట్లో ఆకలి ఉంది. ఇప్పుడు నా ఇంట్లో ఫ్రిజ్ నిండా తిండి ఉంది. జీవన ప్రమాణాలు పెరిగాక ఇదొక తంటా, మనిషికి పౌరుషం కూడా పెరుగుతుంది.

"పాపం ఎందుకు గంగాధరం. నేను పసిపిల్లాణ్ణి కాదు, మూడుసార్లు విన్నాను. ఓడిపోయాను. బుధవారం రిజిస్ట్రారాఫీసుకి రా."

ఆయన బతిమాలాడు. నేను వినలేదు. ఎంత బతిమాలితే అంత బిగుసుకుపోయాను. చివరికి ఆయనకే విసుగొచ్చి, నీ ఇష్టం అన్నాడు.

ఇక మిగిలింది చేప. పది కిలోలు దాటింది. దాన్ని ఏం చేయాలో క్లబ్బు నిబంధనల్లో లేదు. కాసేపు అందరూ దాని చుట్టూ సంతాప సభలాగా నిలబడ్డారు. తరవాత అవనిగడ్డ డాక్టరు గొంతు సవరించుకుని, పండుగప్ప తాజాగా దొరకడం కష్టమండీ, తోక వైపు ముక్కలు పులుసుకి చాలా బాగుంటాయి అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు వంటవాడు కత్తిపీట తెచ్చాడు. జీవకారుణ్యం మీద స్టిక్కర్లు అంటించుకున్న కార్ల పక్కనే మసాలా నూరారు. చేపలకి టాటా చెప్పే మనుషులు ఒక్కొక్కరు మూడేసి ముక్కలు వేయించుకున్నారు. గంగాధరరావుకి తలకాయ ఇష్టం. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి నేనే తీసి ఆయన ప్లేటులో పెట్టించాను. తింటూ కళ్ళు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందన్నాడు. నాకూ ప్లేటు ఇచ్చారు. తిన్నాను. ఉప్పు కొంచెం తగ్గింది.

ఇంటికెళ్ళి చెప్పాను. ఆయన వదిలేస్తానన్నాడా అని కరీమున్నీసా అడిగింది. అన్నాడు అన్నాను. నువ్వు వద్దన్నావా అంది. అవునన్నాను. లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ముజమ్మిల్ ఆ ప్రాంతంలో ఇప్పుడు సెంటు రేటు ఎంతో ఫోనులో చూసి చెప్పబోయాడు. చెప్పొద్దన్నాను. చెప్పాడు.

బుధవారం పొద్దున్నే వెళ్ళాం. గంగాధరరావు నాకోసం కారు పంపించాడు, నేను బస్సులో వెళ్ళాను. ఇద్దరం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఇంకోసారి ఆలోచించుకో అన్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని గుమాస్తాని అడిగాను. బయటికొచ్చాక కవరు ఇచ్చాడు. మా అబ్బా కొన్న రేటు ప్రకారం పంతొమ్మిది వందలు. కవర్లో దానితోపాటు క్లబ్బు జీవిత సభ్యత్వం కార్డు కూడా ఉంది. నా ఫోటో ఎక్కడ సంపాదించాడో గానీ బాగా పడింది. కార్డు తిరిగి ఇచ్చేశాను. డబ్బులు తీసుకున్నాను, అవి నావి.

ఇప్పుడా మెలిక దగ్గర చెక్క వంతెన కట్టారు. ఆదివారాలు రబ్బరు చేపలు విసురుతున్నారని పోతయ్య చూసొచ్చి చెప్పాడు. నేను వెళ్ళడం లేదు. ఆదివారం కూడా షాపు తెరుస్తున్నాను. ఎవరైనా వచ్చి, గంగాధరరావు నిన్ను మోసం చేశాడటగా జబ్బార్ భాయ్ అని అడిగితే, కుట్టు మిషను ఆపి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మోసం లేదు, గీసం లేదు. గూడూరు మండలంలో డ్రెయిను గట్టు వార, తూర్పున నీళ్ళు, మిగతా మూడు వైపులా గంగాధరరావు. నేను పోగొట్టుకున్నది మధ్యలో ఉన్న పంతొమ్మిది సెంట్లు.